మడత మీద నిలబడ్డ రాజు

ప్రయాణాల్లో మనిషికి ద్రోహం చేసేది చెప్పు కాదు, జేబు. చెప్పు తెగేముందు నాలుగు రోజులు మూలుగుతుంది, పక్కకు లాగుతుంది, వద్దు వద్దంటూనే తెగుతుంది. జేబుకు ఆ మర్యాద లేదు. పైకి బుద్ధిమంతురాలిలా ఉంటూనే లోపల్లోపల చిరిగిపోయి ఉంటుంది. నా కోటు జేబు అలాగే చిరిగింది. కళ్లజోడు అస్తరులోకి జారి నడుము వెనక్కి చేరింది. బస్టాండు పక్కవీధిలో కుట్టుమిషను చప్పుడు వినబడితే ఆ చప్పుడు పట్టుకుని వెళ్లాను.

మెట్లకిందుగా ఉన్న పొడుగాటి గది. ఒకప్పుడు ఎనిమిది మిషన్లుండేవని నేలమీద గుర్తులు చెబుతున్నాయి. ఇప్పుడు రెండే. వాటికి ఎదురుగా పదడుగుల కటింగ్ బల్ల. దాని అంచు ఏళ్ల తరబడి పొట్ట ఆనించీ ఆనించీ నునుపెక్కింది. బల్ల వెనక సన్నటి మనిషి, అరవై దాటి ఉంటాయి. కుడి బొటనవేలు కత్తెర పట్టీ పట్టీ బయటికి వంగిపోయింది. ఆయన నా కోటు అందుకుని, అస్తరు విప్పకుండానే పై గుడ్డమీద రెండు వేళ్లు నడిపిస్తూ కళ్లజోడును జేబు నోటిదాకా తోలుకొచ్చాడు, తప్పిపోయిన మేకను దొడ్డికి తోలుకొచ్చినట్టు.

కళ్లజోడు పెట్టుకోగానే నాకు కనిపించిన మొదటి విషయం బల్ల అంచున ఎర్ర పెన్సిలుతో దిద్ది దిద్ది రాసిన అంకె. నాలుగు వందల అరవై రెండు.

"ఇదెవరి కొలతండీ? ఏనుగుకు చొక్కా కుట్టారా?" అన్నాను.

"మనిషి కొలత కాదండి. ఇద్దరు రాజులది."

గది మూలలో పీటమీద కూచుని గుండీలు కుడుతున్నావిడ తలెత్తకుండానే అంది: "అడిగేశారూ! ఇక మీ బస్సు వెళ్లిపోయినట్టే, అన్నయ్యగారూ. మా ఇంటాయనకి ఆ అంకె గురించి అడిగేవాళ్లు ఏడాదికొకరు దొరుకుతారు. ఈ ఏడాదికి మీరు."

బస్సు నిజంగానే వెళ్లిపోయింది. మర్నాటిదీ వెళ్లిపోయింది. నేను ఆ ఊళ్లో నాలుగు రోజులున్నాను. ఆ నాలుగు రోజుల్లో విన్నదీ, ఆ తరవాత ఎనిమిది నెలలకు నా కళ్లముందు జరిగిందీ కలిపి రాస్తున్నాను.

బల్ల వెనకాయన్ని అందరూ కటింగ్ మాస్టరంటారు. ఆ మాస్టరు ఏడో తరగతితో బడి మానేశాడు. భిన్నాలు వచ్చినప్పుడు బడి ఆయన్ని వదిలేసిందనడం సబబు. పలకమీద అరా పావూ చూస్తే కళ్లు తిరిగేవి. అదే కుర్రాడు తండ్రి కటింగ్ బల్లదగ్గర నిలబడితే, మూడుంపావు గజాల గుడ్డలో రెండు చొక్కాలు ఎలా పడతాయో కళ్లతోనే చెప్పేసేవాడు. భూమి కొలిచేవాళ్ల దగ్గర రేఖాగణితం పుట్టిందని పెద్దపెద్ద పుస్తకాల్లో చదివాను. నాకెప్పుడూ అనుమానమే. పొలాన్ని మడవలేం కదా. గుడ్డ మడిచేవాళ్లకి ఆ విద్య అంతకు ముందే తెలిసి ఉండాలి. కాకపోతే వాళ్లు పుస్తకాలు రాయలేదు, చొక్కాలు కుట్టారు. చొక్కాలు చిరిగిపోయాయి.

ఇరవై ఏడేళ్ల కిందట ఈ షాపు ఆయనది కాదు. బళ్లకీ ఆస్పత్రులకీ యూనిఫారాలు కుట్టించే ఓనరొకాయన ఉండేవాడు. మాస్టరు కటింగ్ చేసేవాడు, ఎనిమిదిమంది కుట్టేవాళ్లు. మేడమీద వాటాలోకి ఒకావిడ అద్దెకొచ్చింది. వాతావరణ ఆఫీసులో కంప్యూటరు లెక్కలు చేసే ఉద్యోగం. అందరూ ఆవిణ్ణి పైవాటా మేడమ్ అనేవారు. ఒకరోజు సాయంత్రం కోటు చేతులు పొట్టి చేయించుకోడానికి కిందికి వచ్చింది. అప్పుడు మాస్టరు చంటిపిల్ల గౌనుకి గుడ్డ మడుస్తున్నాడు. నిలువునా ఒకటి, అడ్డంగా ఒకటి, ఆపైన ఐమూలగా ఒకటి. ఎనిమిది పొరల ముక్కోణమైంది. దానిమీద ఒక్క వంపు కోత కోసి విదిలించాడు. గుండ్రటి గుడ్డ బల్లనిండా విచ్చుకుంది.

"ఆగండాగండి," అంది మేడమ్. "ఒక్క కోతేనా?"

"ఎనిమిది కోతలు కోస్తే ఎనిమిది తప్పులొస్తాయండి. ఒక్క కోత కోస్తే ఒకటే తప్పు. అది కూడా అన్నివైపులా సమానంగా ఉంటుంది గనక ఎవరూ కనిపెట్టరు."

ఆవిడ నవ్వింది. కోటు సంగతి మర్చిపోయి మేడెక్కింది. మర్నాడు అరవై నాలుగు గడులు గీసిన కాగితంతో దిగింది. "దీన్నీ అలాగే మడవండి చూద్దాం."

మడిచాడు. ఎనిమిది పొరల కింద చదరంగం బల్ల మొత్తం చిన్న ముక్కోణంలోకి వచ్చేసింది. పైకి పది గడులు కనిపిస్తున్నాయి. ఆరు పూర్తి గడులు. ఐమూల మడతమీద పడ్డ నాలుగు గడులు మాత్రం సగం సగం.

అలా మొదలైంది. ఆవిడ ఆఫీసులో వానల లెక్క వేసేది, ఇంటికొచ్చి రాజుల లెక్క. చదరంగం ఆట చివరికొచ్చేసరికి బల్లమీద ముగ్గురో నలుగురో మిగులుతారు. వాళ్లు ఎన్ని తీర్లుగా నిలబడగలరో అన్ని తీర్లూ రాసుకుని, ప్రతి తీరుకీ ఎవరు గెలుస్తారో, ఎన్ని ఎత్తుల్లో గెలుస్తారో ఒక పట్టిక తయారు చేయాలన్నది ఆవిడ పిచ్చి. పట్టిక తయారయ్యాక ఇక ఆలోచించక్కర్లేదు, తెరిచి చూసుకోవడమే. ఇప్పుడు ఏడు బొమ్మలదాకా అలాంటి పట్టికలు పూర్తయ్యాయట, ఎవరైనా తెచ్చుకుని చూసుకోవచ్చట. ఆ రోజుల్లో ఆవిడ ఇంట్లో ఉన్నది ఎవరో వాడి అమ్మేసిన కంప్యూటరు. దాని కడుపు చిన్నది. అందుకే మడత కావలసి వచ్చింది. ఒక రాజు ఎడమ మూలలో ఉన్నా కుడి మూలలో ఉన్నా అద్దంలో చూసినట్టు అదే ఆట కదా. ఎనిమిది పొరల్లోవన్నీ ఒకటే అనుకుంటే ఎనిమిదో వంతు చోటు చాలు.

"అయితే మాస్టారూ, ఇక్కడే వచ్చింది చిక్కు," అని ఆవిడ బల్లమీద కూచుంది. రాజులిద్దరూ ఒకరి పక్కన ఒకరు నిలబడకూడదు, అది ఆట ధర్మం. ఆ లెక్కన ఇద్దరూ మూడు వేల ఆరువందల పన్నెండు తీర్లుగా నిలబడొచ్చు. "ఎనిమిదితో భాగిస్తే నాలుగు వందల యాభై ఒకటిన్నర వస్తోంది. అర తీరేమిటి? రాజు ఒంటికాలి మీద నిలబడ్డాడా? పోనీ మొదటి రాజుని ఈ పది గడుల్లో పెట్టి, రెండోవాణ్ణి అన్ని గడుల్లోనూ తిప్పి చూద్దామంటే నా మిషను అయిదువందల అరవై నాలుగంటోంది. ఒకటి తక్కువ, ఒకటి ఎక్కువ. ఎవరి మాట నమ్మాలి?"

"ఇద్దరిదీ నమ్మకండి. కొలత తేడా వచ్చిందంటే టేపు పట్టుకున్నవాళ్లని అనుమానించాలి," అన్నాడు మాస్టరు.

ఆ తరవాత రోజూ సాయంత్రం మిషన్లు ఆగాక, ఆవిడ మేడెక్కబోతూ సంచీ భుజానుండగానే ఓ ఇరవై నిమిషాలు ఆగేది. బల్లమీద చాక్‌తో గడులు గీసేవారు. రాజులకి బదులు రెండు గుండీలు, ఒకటి తెల్లది, ఒకటి నల్లది. మాస్టరుకి ఆట రాదని కాదు, వచ్చు. ఎవరితో ఆడినా ఓడిపోయేంత బాగా వచ్చు. ఆయనకి గెలుపు అక్కర్లేదు. ఎవరు ఎక్కడ నిలబడగలరన్నదే కావాలి. ఒక తెలివైన మనిషి తనని ఒక ప్రశ్న అడిగి, జవాబు కోసం నిజంగా ఎదురు చూడటం ఆయనకి ముప్పై అయిదేళ్లు వచ్చాక గానీ జరగలేదు. అంతవరకూ అందరూ అడిగింది ఒక్కటే. "ఎప్పటికిస్తావు?"

మాస్టరు ఇల్లాలికి ఇదంతా తెలుసు. "ఆ రోజుల్లో మీకు కోపం రాలేదా చెల్లెమ్మా?" అని అడిగాను.

"రాకేం అన్నయ్యగారూ! ఆడమనిషి మీద మనసు పడితే జుట్టు పట్టుకునేదాన్ని. లెక్కమీద పడ్డాడు. లెక్కకి జుట్టేదీ?"

ఆ చిక్కు విడిపోయిన తీరు మాత్రం దర్జీల ఇంట్లో తప్ప జరగదు. చొక్కా వెనకభాగం ఒకటే ముక్క. అందుకని గుడ్డ మడిచి, నమూనా అట్టని మడత అంచుకు ఆనించి కోస్తారు. విప్పితే వెనకభాగం పూర్తిగా వస్తుంది. ముందుభాగం రెండు ముక్కలు, మధ్యలో గుండీలు రావాలి గనక. అందుకని అట్టని మడతకి దూరంగా పెట్టి కోస్తారు. కుడి ఒకటి, ఎడమ ఒకటి వస్తాయి. కటింగ్ నేర్చుకునేవాడు మొదటి వారంలో నేర్చుకునే సంగతి ఇది. పద్దెనిమిదేళ్ల అనుభవమున్న మాస్టరు ఒక పొద్దున రాజుల ధ్యాసలో ముప్పై చొక్కాల ముందుభాగాల్ని మడతకి ఆనించి కోసేశాడు.

ఓనరు ఒకదాన్ని ఎత్తి పట్టుకున్నాడు. ఎదురుగా గోడలా గుడ్డ. "మాస్టరూ! గుండీలెక్కడ పెడతాం? పిల్లలు ఇందులోకి ఎలా దూరాలి, సంచీలోకి పిల్లి దూరినట్టా?"

ఎనిమిది మిషన్లూ ఆగిపోయి నవ్వాయి. "అయ్యవారిని చేయబోతే కోతి అయింది," అన్నారెవరో. "కోతికైనా గుండీలుంటాయిరా," అన్నారింకొకరు. మాస్టరు నవ్వలేదు, సిగ్గుపడలేదు. మిగతా ముక్కల్నీ వదిలేసి, ఒక ముక్కని పట్టుకుని మడవడం, విప్పడం, మళ్లీ మడవడం. ఓనరు భయపడి, "పోనీలెద్దూ, దానికింత మనసు కష్టపెట్టుకుంటావా?" అని సముదాయించాడు కూడా. చివరికి వెనకభాగాల్ని మధ్యకి చీల్చి, వీపున గుండీలు పెట్టి, రంగు మీద పడకుండా తొడుక్కునే చొక్కాలని ఒక బొమ్మల బడికిచ్చారు. అవి బావున్నాయని బడివాళ్లు మరో ముప్పై అడిగారు. ఓనరు మాస్టరు వంక చూస్తూ, "అదే తప్పు మళ్లీ చేయగలవా?" అన్నాడు.

ఆ సాయంత్రం మేడమ్ ఇంటికి రాకముందే మాస్టరు మెట్లమీద నిలబడి ఉన్నాడు.

"మేడమ్, మడతకి దూరంగా కోస్తే రెండు ముక్కలొస్తాయి. మడతమీద కోస్తే ఒక్కటే వస్తుంది. మీరు అందరినీ ఎనిమిదితో భాగించారు. రాజులిద్దరూ ఐమూల మడతమీదే నిలబడ్డారనుకోండి, వాళ్లని ఎంత తిప్పినా ఎనిమిది తీర్లు రావు, నాలుగే వస్తాయి. అక్కడ మీకు తక్కువైంది."

"మరి నా మిషనుకి ఎక్కువెందుకు వచ్చింది?"

"మొదటి రాజు మడతమీద ఉన్నప్పుడు గుడ్డ ఇంకా విప్పలేదండీ! మడత అలాగే ఉంది. రెండో రాజుని ఒక పక్కే లెక్కపెట్టాలి. మీ మిషను రెండు పక్కలా లెక్కపెట్టింది."

ఆవిడ సంచీ మెట్టుమీద పడేసింది. ఇద్దరూ బల్లదగ్గర నిలబడి లెక్కవేశారు. మడతమీద లేని ఆరు గడులవీ మూడువందల ముప్పై తొమ్మిది. మడతమీది నాలుగు గడులవీ నూట ఇరవై మూడు. కలిపితే నాలుగు వందల అరవై రెండు. ఆవిడ మేడమీదికి పరిగెత్తి మిషనుకి చెప్పింది. పది నిమిషాల్లో మెట్లమీదే అరిచింది: "సరిపోయింది మాస్టారూ!" ఎర్ర పెన్సిలుతో ఆ అంకెని బల్ల అంచున రాసింది ఆవిడే. తరవాత చెరిగినప్పుడల్లా మాస్టరు దిద్దుకుంటూ వచ్చాడు. ఈ లెక్క అంతకు ముందే ఎందరో తేల్చారని ఆవిడకి తెలిసే ఉంటుంది. మాస్టరుకి నేనే చెప్పాను. ఆయన ఏ మాత్రం నొచ్చుకోలేదు. "సూర్యుడు కూడా రోజూ వచ్చేదేగా బావగారూ. చూసినవాడికి చూసిందే," అన్నాడు. ఇల్లాలు నన్ను అన్నయ్యని చేసినందుకు ఆయన నన్ను బావని చేశాడు.

ఆ సంబరం మొత్తం ఏడు నెలలు. ఎనిమిదో నెలలో మాస్టరు ఓనరుతో కలిసి గుడ్డ తేవడానికి మిల్లుకి వెళ్లాడు. నాలుగు రోజుల పని. తిరిగొచ్చేసరికి మేడమీద తాళం. ఆవిణ్ణి వేరే ఊరికి బదిలీ చేశారట, మూడు రోజుల్లో చేరమన్నారట. పోతూ పోతూ ఒక చీటీ ఇల్లాలి చేతిలో పెట్టింది. అది నేను చూశాను. మడతల దగ్గర పలచబడి వెలుతురు కనిపిస్తోంది.

"బంటుని కలిపితే ఎంత? బంటు ఒకవైపే నడుస్తుంది గనక బోర్డుని ఒక్కసారే మడవగలం. మీరు చెప్పేదాకా నేను చూడను."

అంతే. చిరునామా లేదు. హడావుడిలో మర్చిపోయింది, లేదా మళ్లీ వస్తాననుకుంది.

మాస్టరు పందొమ్మిది రోజుల్లో తేల్చేశాడు. బంటు మొదటి వరసలోనూ ఉండదు, చివరి వరసలోనూ ఉండదు. నిలువునా మడిస్తే దానికి ఇరవై నాలుగు గడులు. ఈ మడత రెండు గడుల మధ్యగా పోతుంది గనక దానిమీద ఎవరూ నిలబడరు, పేచీ లేదు. బంటు అంచున ఉన్న ఆరు గడులకి ఒక లెక్క, లోపలి పద్దెనిమిదికి ఒక లెక్క. నమూనాలు గీసే గోధుమరంగు కాగితంమీద నీటుగా వేసి, కింద రెండు గీతలు గీశాడు. ఎనభై నాలుగు వేల పన్నెండు. ఆ ఊరినుంచి వెళ్తూ బస్సులో కూచుని నేనూ సరిచూశాను. మూడుసార్లు మూడు జవాబులొచ్చాయి. నాలుగోసారి ఆయనదే వచ్చింది.

ఆ జవాబు ఆవిడకి చెప్పడం ఒక్కటే మిగిలింది. ఆవిడ పాత ఆఫీసు పేరుమీద ఉత్తరం రాశాడు. నెలకి తిరిగొచ్చింది, ఆ పేరుగలవారు ఇక్కడ లేరని. మళ్లీ రాయలేదు. "ఒక దర్జీ ఒక ఆఫీసరుకి రెండోసారి రాస్తే ఎలా ఉంటుంది బావగారూ?" ఆ తరవాత ఓనరు పోయాడు, రెడీమేడ్ బట్టలొచ్చాయి, మిషన్లు ఒక్కొక్కటే వెళ్లాయి. మాస్టరు మాత్రం సాయంత్రం పని ఆపాక ఇరవై నిమిషాలు బల్లదగ్గరే నిలబడేవాడు, మెట్లవైపు మొహం పెట్టి. మేడమీద ఆ తరవాత ఆరు కాపురాలు మారాయి. ఎవరు దిగినా ఆ అడుగుల చప్పుడు ఆయన ఒకసారి విని, కాదని తేల్చుకుని, బల్ల తుడిచేవాడు.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకని ఊరుకున్నాను ఇన్నాళ్లూ," అంది ఇల్లాలు నేను బయల్దేరే రోజున, వీధి చివరిదాకా వచ్చి. "ఊళ్లు పట్టుకు తిరిగేవారు కదా, ఆవిడెక్కడుందో కనుక్కోండి. మనిషి ఎదురు చూసీ చూసీ మెడ అటే నిలిచిపోయింది. ఆ జవాబేదో చెప్పేస్తే రాత్రి తిండైనా సరిగ్గా తింటాడు."

వెతకడానికి నాకు ఏడు నెలలు పట్టిందంటే పడ్డ కష్టమనుకునేరు. నా దారులే అంత. దారిలో ఒక పాత గ్రంథాలయంలో చదరంగం పుస్తకాలు దొరికి నెలన్నర అక్కడే ఉండిపోయాను. చివరికి ఒక వాతావరణ ఆఫీసులో, పింఛను కాగితాలు చూసే గుమాస్తా దగ్గర తేలాను.

"ఆవిడ మీకేమవుతారు?"

"ఏమీ కారు."

"మరి ఎవరికవుతారు?"

"ఒక దర్జీకి."

"ఆయనకేమవుతారు?"

"ఏమీ కారు. ఒక లెక్క చెప్పాలి."

గుమాస్తా కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు. నేను అప్పటికీ అక్కడే ఉన్నాను. "చూడండి పెద్దాయనా, నంబరివ్వడం కుదరదు. నేనే ఫోను చేసి అడుగుతాను. ఏమని చెప్పమంటారు?"

"మెట్లకింద కటింగ్ మాస్టరని చెప్పండి."

ఆయన పక్కగదిలోకి వెళ్లి, కాసేపటికి బయటికొచ్చాడు. మొహంలో అనుమానం పోయి ఏదో ఆశ్చర్యం వచ్చింది. "రాసుకోండి," అన్నాడు. "ఇప్పుడే ఇవ్వమన్నారు. పేరు కూడా అడగలేదు."

ఆ నంబరు పట్టుకుని నేను షాపుకి చేరేసరికి మధ్యాహ్నం మూడు. మాస్టరు ఒక స్కూలు లాగు పొడవు దించుతున్నాడు. చీటీ చూసి లాగు పక్కన పెట్టాడు. మళ్లీ తీసుకున్నాడు. దాని కుట్టు పూర్తిచేసి, ఇస్త్రీ చేసి, మడిచి, కాగితంలో చుట్టి, దారం కట్టి, ఆ దారం కొసలు కత్తిరించి, అప్పుడు చేతులు కడుక్కున్నాడు. బల్ల సొరుగులోంచి గోధుమరంగు కాగితం తీసి ఎదురుగా పరిచాడు. మడతలు అరచేత్తో నొక్కాడు.

ఇల్లాలు ఫోను కలిపి, అందరికీ వినబడేలా పెట్టి బల్లమీద ఉంచింది.

"హలో?"

మాస్టరు కాగితం మడతని మరోసారి అరచేత్తో నొక్కాడు.

"మాట్లాడండి! ఇరవై ఏడేళ్లూ మాట్లాడతానని చెప్పి ఇప్పుడు నోట్లో సూది పెట్టుకున్నారేం?" అంది ఇల్లాలు.

"చెల్లాయి గొంతే!" అని ఫోను నవ్వింది. "మాస్టారూ, ఉన్నారా?"

"ఉన్నానండి మేడమ్."

"కత్తెర చప్పుడు లేదే?"

"పక్కన పెట్టానండి."

ఆవిడ తన సంగతులు చెప్పింది. రిటైరై మూడేళ్లయింది. అక్కగారి దగ్గర ఉంటోంది. కళ్లు మసక, తెరమీది అక్షరాలు కనిపించవు. మోకాళ్లు మాట వినవు. "నా పట్టిక పూర్తి కాలేదు మాస్టారూ. బంటు దగ్గరే ఆగిపోయింది. మీ జవాబు కోసం ఆగాననుకునేరు, అదేం కాదు. కొత్త ఊళ్లో పని ఎక్కువైంది. తరవాత ఎవరెవరో పెద్దపెద్ద మిషన్లమీద అన్నీ చేసేశారు. ఇక నాదెవరికి కావాలి? అయినా చూడనని రాశాను కదా. ఆ ఒక్క అంకె మాత్రం చూడలేదు. ఇంతకీ ఎంత వచ్చింది?"

నేను కాగితంవైపు చూశాను. ఇల్లాలు చూసింది. మాస్టరు కూడా దానివైపే చూస్తున్నాడు. రెండు గీతల మీద ఆ అంకె స్పష్టంగా ఉంది. ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది.

"ఇంకా తేలలేదండి," అన్నాడు.

ఇల్లాలి నోరు తెరుచుకుంది. ఆయన చేత్తో ఆగమన్నాడు.

"ఇరవై ఏడేళ్లు చాలలేదా?"

"రాజులు ఒక పట్టాన కుదురుగా నిలబడరు కదండి. పైగా ఒక్కణ్ణే. ఒకరు పెడుతూ ఒకరు రాస్తూ ఉంటే గానీ తెమిలే పని కాదు."

అవతల ఎవరో గిన్నెలు సర్దుతున్న చప్పుడు, దూరంగా ఒక బండి హారను.

"ఎందాకా వచ్చింది?"

"అంచు గడులైపోయాయండి. లోపలివి ఉన్నాయి."

"లోపలివన్నీ ఒకేలా ఉంటాయి కదా మాస్టారూ," అంది ఆవిడ మెల్లగా. మనలాంటివాళ్లకి వాదనలా వినిపించే మాటే. ఆ గొంతులో వాదన లేదు.

"ఉంటాయనే అంటారండి. ఏదీ చూడకుండా ఎలా చెప్తాం? ఒక్కొక్కటే చూసుకోవాలి."

"చూసుకోవాలి," అంది ఆవిడ. "నేను మెట్లెక్కలేను."

"ఎక్కక్కర్లేదండి. బల్ల కిందే ఉందిగా."

"అక్క ఒప్పుకోవాలి. తోడెవరైనా దొరకాలి."

"దొరికినప్పుడే రండి."

"నాకు గుండీల రంగు కూడా తెలియదేమో ఇప్పుడు."

"ఒకటి పెద్దది పెడతానండి, ఒకటి చిన్నది."

"సరే, మీరు మొదలుపెడుతూ ఉండండి మాస్టారూ," అని ఆవిడ ఫోను పెట్టేసింది. ఎప్పుడొస్తానన్నది చెప్పలేదు. ఆయన అడగలేదు.

ఇల్లాలు సూది చేతిలో పట్టుకునే లేచి నిలబడింది. "ఇంతకాలం ఏ జవాబు చెప్పాలని నా ప్రాణం తీశారో, అది నోటిదాకా వచ్చింది కదండీ! ఒక్క ముక్క! చెప్పేస్తే అయిపోయేదిగా!"

"అయిపోయేదే," అన్నాడు ఆయన.

ఆవిడ ఆయన వంక చూసింది. కొంగుతో మొహం తుడుచుకుని, గుండీల డబ్బా తెరిచి వెతికి, ఒక పెద్దదీ ఒక చిన్నదీ ఏరి బల్లమీద పెట్టింది. "బంటుకేం పెడతారు?" అని అడిగింది.

"హుక్కు ఉంటే ఇవ్వు."

మాస్టరు పాత కాగితాన్ని ఎత్తి సొరుగులో అడుగున పెట్టాడు. చుట్టలోంచి కొత్త కాగితం చించి పరిచి, నాలుగు మూలలా బరువులు పెట్టి, స్కేలు ఆనించి అరవై నాలుగు గడులు గీశాడు. అంచు వదిలేసి, రెండో వరస రెండో గడిలో హుక్కు ఉంచాడు. పెద్ద గుండీని వేలికింద పట్టుకుని, అది ఎక్కడ నిలబడగలదో ఒక్కొక్క గడిమీదా ఆపి చూడటం మొదలుపెట్టాడు, నిజంగానే ఏమీ తెలియనివాడిలా.